ఉప్పునీటి ట్యాంకులో సన్నబుడగలు పోవడం లేదు, గాలి ఎక్కడి నుంచి వస్తోంది?

కడలి_నెల్లూరు | శనివారం రాత్రి 9:42

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు, వేదాయపాళెం. హాల్లో నాలుగడుగుల మెరైన్ ట్యాంకు (ఉప్పునీటి అక్వేరియం) ఉంది. పొడవు 48, వెడల్పు 18, ఎత్తు 24 అంగుళాలు. కింద క్యాబినెట్‌లో మూడడుగుల సంపు (ట్యాంకు నీళ్లు దిగి శుభ్రపడే తొట్టి), దాని వెడల్పు 14 అంగుళాలు. ట్యాంకు పెట్టి ఏడాది దాటింది. క్లౌన్ చేపల జత, రెండు డామ్సెల్స్, ఒక క్లీనర్ రొయ్య ఉన్నాయి. రాళ్లన్నీ సిరామిక్‌వే. ఉప్పు 35 పీపీటీ (వెయ్యి వంతుల్లో 35), ఉష్ణోగ్రత 27 డిగ్రీలు.

ఇన్నాళ్లూ నీళ్లు చాలా తేటగా ఉండేవి. ఎండలు ముదిరాక ట్యాంకు నిండా సన్నబుడగలు మొదలయ్యాయి. రిటర్న్ పైపు (సంపు నుంచి పంపు నీళ్లని తిరిగి ట్యాంకులోకి తెచ్చే గొట్టం) మూతి దగ్గర బయల్దేరి అటు చివరి దాకా తిరుగుతూనే ఉంటాయి. లైటు వేస్తే నీళ్లు మసకబారినట్టు కనిపిస్తాయి. ట్యాంకు పై అంచున ఉప్పు పేరుకుంటోంది. లైటు అద్దం మీద తెల్లటి చుక్కలు పడుతున్నాయి, రోజూ తుడిచినా మళ్లీ వస్తున్నాయి.

సంపు అమరిక ఇది. మొదటి గదిలోకి డ్రెయిన్ పైపు (ట్యాంకు నీళ్లు కిందికి దిగేది), ఫిల్టర్ సాక్ (వడకట్టే గుడ్డ సంచి), స్కిమ్మర్ (బుడగల నురగతో మురికి తీసేది). తర్వాత అంగుళం ఎడంతో మూడు అద్దం బాఫిళ్లు (అడ్డుపలకలు). చివర రిటర్న్ గది. పంపు సంపు బయట ఉంది. నీళ్లలో మునిగే పంపయితే మన ఎండాకాలంలో నీళ్లు ఇంకా వేడెక్కుతాయని బయటి పంపు పెట్టించాను.

ఒకరు స్పాంజి పెట్టమంటారు, ఒకరు స్కిమ్మరే మార్చమంటారు. డబ్బులు పెట్టే ముందు అసలు కారణం తెలుసుకోవాలని నా ఆలోచన. చేపలకి ఏమన్నా అవుతుందేమోనని టెన్షన్‌గా కూడా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

కావలి_క్లౌన్ | శనివారం రాత్రి 10:05

అక్కా, ముందు అవి బుడగలేనా కాదా తేల్చుకోండి. సన్నటి మట్టి, ఇసుక ధూళి, స్కిమ్మర్ పట్టని చెత్త కూడా లైటు కింద అచ్చం అలాగే మెరుస్తాయి. హాల్లో లైట్లన్నీ తీసేసి పక్క నుంచి టార్చ్ కొట్టి చూడండి. తర్వాత గాజు గ్లాసుతో ట్యాంకు నీళ్లు ముంచి టేబుల్ మీద కదపకుండా పెట్టండి. బుడగలైతే పైకి చేరి కాసేపట్లో మాయమవుతాయి. ధూళి అయితే అడుక్కి దిగుతుంది, లేదా అలాగే వేలాడుతుంది.

ఇంకో మాట. మధ్యాహ్నం లైటు బాగా వెలిగినప్పుడు మాత్రమే నాచు మీద, ఇసుక మీద బుడగలు కనిపిస్తే అది ఆక్సిజన్. నాచు వదిలేది అది. దానికి పంపుతో సంబంధం లేదు.

కడలి_నెల్లూరు | శనివారం రాత్రి 10:31

గ్లాసు పరీక్ష చేశాను తమ్ముడూ. అన్నీ పైకి వచ్చి పోయాయి, అడుగున ఏమీ మిగల్లేదు. బుడగలే. పైగా రాత్రి, పగలు తేడా లేకుండా ఉన్నాయి, నాచు సంగతి కాదు.

కందుకూరు_కొత్తవాడు | ఆదివారం ఉదయం 7:15

మేడమ్, నా రెండడుగుల ట్యాంకులో ఇదే గొడవ వచ్చింది. బాఫిళ్ల మధ్య మందపాటి స్పాంజి దూర్చాను, అదే రోజు తగ్గింది. చవక కూడా. మీరూ అదే చేయండి.

ఒంగోలు_రీఫ్ | ఆదివారం ఉదయం 8:40

స్పాంజి బుడగల్ని ఆపుతుంది, కాదనను. కానీ చేపల మలం, మిగిలిన మేత కూడా అందులోనే ఇరుక్కుని కుళ్లి నైట్రేట్ పెంచుతాయి. మూడు నాలుగు రోజులకోసారి తీసి కడిగే ఓపిక ఉంటేనే పెట్టాలి. కడగకపోతే స్పాంజి మూసుకుపోతుంది, దాని వెనక నీటిమట్టం పెరుగుతుంది, రిటర్న్ గదిలో తగ్గుతుంది. అప్పుడు పంపు పై నుంచి గాలి లాగడం మొదలుపెడుతుంది. బుడగల కోసం పెట్టిన స్పాంజే బుడగలకి కారణమవుతుంది. ఒంగోల్లో నేను చూసిన ట్యాంకుల్లో ఇలా జరిగినవి ఉన్నాయి.

కడలి గారూ, మీరు అడిగిందే సరైన ప్రశ్న. పుట్టిన బుడగని పట్టుకోవడం కంటే గాలి లోపలికి వెళ్లే చోటు కనిపెట్టడం ముఖ్యం. ఉప్పునీటి ట్యాంకులో గాలి దూరే దారులు కొన్నే. స్కిమ్మర్ వదిలే నీళ్లు, పై నుంచి పడే డ్రెయిన్, నీళ్లు తక్కువైన రిటర్న్ గది, పంపు లాగే వైపు జాయింటు, ట్యాంకులో పైకి పెట్టిన వేవ్‌మేకర్ (నీళ్లలో అలలు లేపే చిన్న పంపు). ఒక్కొక్కటిగా ఆపి చూస్తే తెలిసిపోతుంది.

మొదట స్కిమ్మర్ పంపు ఆపండి, గంట ఆగండి. ట్యాంకులో బుడగలు తగ్గితే దొంగ దొరికినట్టే. తగ్గకపోతే స్కిమ్మర్ మళ్లీ వేసి, ఈసారి రిటర్న్ పంపు ఆపండి, వేవ్‌మేకర్ మాత్రం తిరగనివ్వండి. కొద్ది నిమిషాల్లో నీళ్లు తేటపడితే తప్పు సంపు వైపు. తేటపడకపోతే వేవ్‌మేకర్ పైన సుడి తిరుగుతోందేమో చూడండి. రెండూ ఒకేసారి ఆపొద్దు, ఏది కారణమో తేలదు.

కావలి_క్లౌన్ | ఆదివారం ఉదయం 9:02

స్కిమ్మర్ కొత్తదైతే కొన్ని రోజుల నుంచి ఒకటి రెండు వారాల దాకా బుడగలు వదలడం మామూలే, దానంతటదే సర్దుకుంటుంది. కొత్త ప్లాస్టిక్ మీది జిడ్డు పోవాలి. వెనిగర్ కలిపిన నీళ్లలో కాసేపు తిప్పితే త్వరగా పోతుంది. మీది పాతదే కాబట్టి ఆ కారణం వర్తించదు. ఈ మధ్య నీటి కండిషనర్ ఏమన్నా పోశారా? రాళ్లు అతికించే ఎపాక్సీ వాడారా? అవి పడినా స్కిమ్మర్ పిచ్చిగా నురగ కక్కుతుంది.

కడలి_నెల్లూరు | ఆదివారం ఉదయం 11:20

కండిషనర్, ఎపాక్సీ ఏవీ వాడలేదు. స్కిమ్మర్ గంటకు పైగా ఆపి చూశాను, ట్యాంకులో ఏ మార్పూ లేదు. తర్వాత రిటర్న్ పంపు ఆపాను. పది నిమిషాల్లో నీళ్లు తేటపడ్డాయి. మళ్లీ వేస్తే పైపు మూతి నుంచి తెల్లటి పొగలా వచ్చి నిండిపోయింది. అంటే సంపు వైపే.

హేచరీ_టెక్నీషియన్ | ఆదివారం మధ్యాహ్నం 1:48

నమస్తే కడలి గారూ. నేను మైపాడు వైపు రొయ్య పిల్లల హేచరీలో పని చేస్తాను. రోజూ బ్లోయర్లు, సముద్రపు నీళ్లు, గాలి గొట్టాలతోనే బతుకు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ముందు ఉప్పు నీళ్లలోనే ఈ గొడవ ఎందుకో చూడండి. ఒకే ఎయిర్ స్టోన్ (గాలిని బుడగలుగా వదిలే రాయి) మంచినీళ్ల బకెట్‌లో ఒకసారి, సముద్రపు నీళ్ల బకెట్‌లో ఒకసారి పెట్టండి. మంచినీళ్లలో బుడగలు ఒకదానికొకటి తగిలి కలిసిపోయి పెద్దవై గబగబా పైకి వస్తాయి. ఉప్పునీళ్లలో కలవవు. నీళ్లలో ఉప్పు ఒక స్థాయి దాటితే, బుడగల మధ్య ఉండే పల్చని నీటి పొర తొందరగా తెగదు. సముద్రపు నీళ్లలో ఆ స్థాయికి ఎన్నో రెట్లు ఉప్పు ఉంటుంది. అందుకే సన్నగా పుట్టిన బుడగ సన్నగానే ఉండిపోతుంది. స్కిమ్మర్ ఉప్పునీళ్లలో అంత బాగా పని చేయడానికీ, మంచినీళ్ల ట్యాంకులో దాదాపు పనికిరాకపోవడానికీ ఇదే కారణం.

సన్నబుడగ చాలా నెమ్మదిగా లేస్తుంది. మిల్లీమీటరులో పదో వంతు వ్యాసం ఉన్న బుడగ సెకనుకు సుమారు అర సెంటీమీటరు పైకి వస్తుంది. వ్యాసం సగమైతే వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. ఇప్పుడు మీ బాఫిళ్ల లెక్క చూడాలి. అంగుళం సందు అంటే రెండున్నర సెంటీమీటర్లు, సంపు వెడల్పు 35 సెంటీమీటర్లు. మీ పంపు గంటకు ఎన్ని లీటర్లు తోస్తుందో తెలుసా? డబ్బా మీద రాసింది వద్దు. రిటర్న్ గొట్టం 10 లీటర్ల బకెట్‌లో పెట్టి ఎన్ని సెకన్లలో నిండుతుందో చూసి చెప్పండి.

కడలి_నెల్లూరు | ఆదివారం సాయంత్రం 5:10

15 సెకన్లు పట్టింది సార్.

హేచరీ_టెక్నీషియన్ | ఆదివారం సాయంత్రం 6:25

అంటే గంటకు 2400 లీటర్లు. సెకనుకు సుమారు 667 మిల్లీలీటర్లు. మీ బాఫిల్ సందు విస్తీర్ణం 87 చదరపు సెంటీమీటర్ల పైచిలుకు. ఆ సందులో నీళ్లు సెకనుకు ఏడున్నర సెంటీమీటర్ల వేగంతో కిందికి దిగుతాయి. సెకనుకు అర సెంటీమీటరు లేచే బుడగ ఆ వేగానికి ఎదురు నిలవలేదు, నీళ్లతో పాటే కిందికి వెళ్లి అవతల తేలుతుంది. బాఫిళ్లు పెద్ద బుడగలకి బాగా పని చేస్తాయి. మరీ సన్నవాటికి కావాల్సింది వెడల్పాటి చోటు, నిదానమైన ప్రవాహం.

మీ రిటర్న్ గది పొడవు ఎంత? 25 సెంటీమీటర్లు ఉంటే విస్తీర్ణం 875 చదరపు సెంటీమీటర్లు. గంటకు 2400 లీటర్లంటే అందులో కూడా వేగం ముప్పావు సెంటీమీటరు దాటుతుంది. అదే 1500 లీటర్లకు తగ్గిస్తే అర సెంటీమీటరు కంటే తక్కువకు వస్తుంది. అప్పుడు ఆ సైజు బుడగలు పైకి తేలిపోయే అవకాశం ఉంటుంది. మీ ట్యాంకులో నికరంగా 300 లీటర్ల నీళ్లు ఉంటాయనుకుంటే గంటకు 1500 అంటే ఐదు సార్లు తిరిగినట్టు. సంపు ద్వారా అంత చాలు. ట్యాంకులో అలజడి కావాలంటే దానికి వేవ్‌మేకర్ ఉంది.

ఒక హెచ్చరిక. పంపు వేగం తగ్గించాలంటే నీళ్లు బయటికి పోయే వైపు వాల్వ్ తిప్పాలి. లాగే వైపు వాల్వ్ ఎప్పుడూ బిగించకూడదు. అటు బిగిస్తే పంపు ఇంకా గట్టిగా పీలుస్తుంది, గాలి ఇంకా దూరుతుంది.

ఒంగోలు_రీఫ్ | ఆదివారం రాత్రి 8:15

లెక్క చక్కగా చెప్పారు సార్. కానీ కడలి గారి ట్యాంకు ఇదే పంపుతో, ఇవే బాఫిళ్లతో ఇన్నాళ్లు తేటగా ఉంది. వేగం ఒక్కటే కారణమైతే మొదటి నుంచీ బుడగలు ఉండాలి. ఎండలతో పాటు మొదలైంది అన్నారు, నా అనుమానం అంతా అక్కడే ఉంది.

కడలి గారూ, ఒక విషయం గమనించండి. సంపులో నీళ్లు ఆవిరైతే మొదటి గదిలో మట్టం తగ్గదు, బాఫిళ్లు దాన్ని పట్టి ఉంచుతాయి. తరుగంతా చివరి రిటర్న్ గదిలోనే కనిపిస్తుంది. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో పైన ఫ్యాను తిరుగుతుంటే ట్యాంకు నుంచి రోజుకు లీటర్ల లెక్కన నీళ్లు పోతాయి. ఆ గదిలో పంపు పైపు మూతి మీద ఎన్ని అంగుళాల నీళ్లు ఉన్నాయి? సాయంత్రానికి సన్నటి సుడి కనిపిస్తోందా? చిన్న కాగితం ముక్క వేస్తే గుండ్రంగా తిరిగి కిందికి పోతే సుడి ఉన్నట్టే.

కడలి_నెల్లూరు | సోమవారం ఉదయం 6:50

గది పొడవు మీరన్నట్టే 25 సెంటీమీటర్లు ఉంది సార్. నీళ్ల మాట నిజమే ఒంగోలు గారూ. రాత్రి చూస్తే పైపు మూతి మీద రెండంగుళాల నీళ్లే ఉన్నాయి, కాగితం సుడిలో తిరిగింది. ఆర్‌ఓ నీళ్లు పోసి ఐదంగుళాలకు పెంచాను. పొద్దున్నకి బుడగలు సగానికి సగం తగ్గాయి. కానీ పూర్తిగా పోలేదు. ఇప్పుడు సుడి లేదు, స్కిమ్మర్ తప్పు లేదు, మరి మిగతావి ఎక్కడివి?

కావలి_క్లౌన్ | సోమవారం ఉదయం 7:30

డ్రెయిన్ పైపు చూడండి అక్కా. సంపులో దాని చివర నీటిమట్టానికి అంగుళం లోపల మునిగి ఉంటే చాలు. మరీ లోతుగా ఉంటే గాలి గుడగుడమని తన్నుకుంటూ బుడగల్ని అడుక్కి తోస్తుంది. పైన ఉంటే నీళ్లు దూకి నురగ లేస్తుంది. ఫిల్టర్ సాక్ 200 మైక్రాన్‌ది అయితే ఆ బుడగల్ని చాలావరకు ఆపుతుంది, వారానికి రెండుసార్లు మార్చాలి.

రెండో ట్యాంకు కట్టేవాళ్లు ఒకే డ్రెయిన్ కాకుండా రెండు పెట్టుకోవడం మేలు. ఒకటి వాల్వ్‌తో పూర్తిగా నీళ్లతో నిండి గాలి లేకుండా దిగేది, రెండోది అత్యవసరానికి ఖాళీగా ఉండేది. దీన్నే హెర్బీ పద్ధతి అంటారు. చప్పుడు ఉండదు, బుడగ ఉండదు. కరెంటు పోయి వచ్చినప్పుడు మాత్రం పైపులో చేరిన గాలి బయటికి పోయేదాకా కొన్ని నిమిషాలు బుడగలు వస్తాయి, కంగారు పడక్కర్లేదు.

హేచరీ_టెక్నీషియన్ | సోమవారం మధ్యాహ్నం 2:05

మీ పంపు సంపు బయట ఉంది. సంపు నుంచి పంపు దాకా ఉన్న పైపు, యూనియన్ (విప్పి బిగించే జాయింటు), ఎల్బో (వంపు ముక్క), పంపు మూతి స్క్రూ, ఇవన్నీ పీల్చే వైపు. పంపు తిరుగుతున్నప్పుడు అక్కడ పీడనం బయటి గాలి కంటే తగ్గొచ్చు. అప్పుడు జాయింటు వదులైనా నీళ్లు బయటికి కారవు, గాలే లోపలికి పోతుంది. పొలం మోటారుకి ఫుట్ వాల్వ్ పైన జాయింటు పోతే నీళ్లు ఎత్తకుండా దగ్గుతూ ఉంటుంది చూడండి, అదే బాపతు. అందుకే నేల పొడిగా ఉంది కాబట్టి లీకు లేదని అనుకోవడానికి లేదు. తోసే వైపు లీకైతే నేల తడుస్తుంది. పీల్చే వైపు లీకైతే ట్యాంకులో బుడగలు కనిపిస్తాయి. పంపు రెక్కలు ఆ గాలిని కొట్టి కొట్టి సన్నగా చేస్తాయి కాబట్టి బయటికి వచ్చేసరికి అవి పొగలా ఉంటాయి. మీరు రాసింది కూడా అదే మాట.

పరీక్ష సులువు. పంపు నడుస్తుండగా మగ్గుతో ట్యాంకు నీళ్లు ఒక్కో జాయింటు మీద మెల్లగా పోస్తూ రిటర్న్ పైపు మూతి వైపు ఎవరినైనా చూస్తూ ఉండమనండి. గాలి దూరే సందు దగ్గర నీళ్లు పడితే గాలి బదులు ఆ నీళ్లు లోపలికి పోతాయి, కొన్ని సెకన్లు బుడగలు ఆగిపోతాయి. మోటారు వైండింగ్ మీద, ప్లగ్గు మీద నీళ్లు పడకుండా ముందు పాలిథిన్ కవర్ కప్పండి. ఈ పని ఒక్కరే చేయొద్దు. పోసేటప్పుడు చేతులు ట్యాంకు నీళ్లలో ఉండకూడదు. సబ్బు నీళ్లు మాత్రం వాడకండి, చుక్క లోపలికి పోయినా స్కిమ్మర్ నురగ కక్కుతుంది, రొయ్యకి ప్రమాదం.

తర్వాత టార్చ్ వేసి యూనియన్ నట్టు చుట్టూ చూడండి. పంపు ఆగి ఉన్నప్పుడు అక్కడ నీటి బరువు వల్ల చెమ్మ ఊరుతుంది, ఆరాక సన్నటి తెల్లటి ఉప్పు గీత మిగులుతుంది. ఉప్పు గీత ఉన్న చోటే గాలి దారి కూడా.

మైపాడు_గట్టు | సోమవారం సాయంత్రం 4:20

నాదో సందేహం. సముద్రం నుంచి నేరుగా తెచ్చిన నీళ్లు వాడితే బుడగలు ఎక్కువ వస్తాయా? మా ట్యాంకుకి మైపాడు నుంచి క్యాన్లలో తెస్తాం.

హేచరీ_టెక్నీషియన్ | సోమవారం సాయంత్రం 6:00

నీళ్ల వల్ల బుడగలు పుట్టవు, కానీ నీళ్లలో జీవపదార్థం ఎక్కువుంటే పుట్టిన నురగ నిలబడుతుంది, స్కిమ్మర్ పొంగుతుంది. వానాకాలంలో, ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, పెన్నా కలిసే వైపు ఒడ్డు నీళ్లలో ఉప్పు బాగా పడిపోతుంది, మట్టి ఎక్కువ. అప్పుడు తేకపోవడం మంచిది. ఎప్పుడు తెచ్చినా రిఫ్రాక్టోమీటరుతో (ఉప్పు కొలిచే పరికరం) పీపీటీ చూసి, క్లోరిన్ వేసి, అది పూర్తిగా పోయిందని కిట్‌తో చూసుకుని, ఫిల్టర్ బ్యాగ్‌లో వడకట్టి వాడండి. మేం హేచరీలో చేసేది కూడా దాదాపు ఇదే.

ఉలవపాడు_మెరైన్ | సోమవారం రాత్రి 9:10

కడలి గారి ట్యాంకులో సిరామిక్ రాళ్లు అన్నారు. అసలైన పగడపు రాళ్లు వేస్తే నీళ్లు ఇంకా బాగా ఉంటాయి కదా. రామేశ్వరం వైపు దొరుకుతాయని విన్నాను.

వేదిక నిర్వాహకులు | సోమవారం రాత్రి 9:35

సభ్యులకు మనవి. రాతి పగడాలు 2001 నుంచి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. పగడాలు తీయడం, కొనడం, అమ్మడం నేరం. సముద్రపు గుర్రాలదీ (సీహార్స్ చేపలు) అంతే. ఇక్కడ వాటి కొనుగోలు సమాచారం ఇవ్వొద్దు, అడగొద్దు. సిరామిక్ రాళ్ల మీద కూడా బ్యాక్టీరియా చక్కగా పెరుగుతుంది. క్లౌన్ చేపలు కూడా సముద్రంలో పట్టినవి కాకుండా హేచరీలో పుట్టినవే తీసుకోండి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాటి పెంపకం పద్ధతులు ఎప్పుడో రూపొందించింది. చర్చ మళ్లీ బుడగల మీదికి రావాలని కోరుతున్నాం.

కడలి_నెల్లూరు | మంగళవారం రాత్రి 8:55

దొరికింది సార్! మా తమ్ముడు ట్యాంకు దగ్గర నిలబడ్డాడు, నేను మగ్గుతో పోశాను. ఎల్బోల మీద పోస్తే ఏమీ కాలేదు. పంపు ముందున్న యూనియన్ మీద పోయగానే "ఆగాయి అక్కా" అని అరిచాడు. పోయడం ఆపితే మళ్లీ మొదలు. ఎన్నిసార్లు పోసినా అంతే. టార్చ్ వేసి చూస్తే నట్టు కింది వైపు, మామూలుగా కంటికి కనిపించని చోట, దారం మందాన ఉప్పు గీత ఉంది.

పంపు ఆపి, సంపు వైపు వాల్వ్ మూసి, యూనియన్ విప్పాను. లోపలి ఓ రింగ్ (సందు మూసే రబ్బరు చక్రం) గుండ్రంగా ఉండాల్సింది ఒక వైపు పూర్తిగా చదునైపోయింది. వేళ్లతో వంచితే సన్నటి పగులు తెరుచుకుంది. రబ్బరు గట్టిపడిపోయింది. పంపు వేడికి, ఎండల వేడికి ఆ క్యాబినెట్ లోపల చాలా ఉక్కగా ఉంటుంది.

కొత్త ఓ రింగ్ వేయడానికి వాజలిన్ రాయొచ్చా? షాపులో అదే రాయమన్నారు.

హేచరీ_టెక్నీషియన్ | మంగళవారం రాత్రి 9:20

వాజలిన్ వద్దు. చాలా యూనియన్లలో వచ్చే ఈపీడీఎం రబ్బరు పెట్రోలియం జిడ్డుకి ఉబ్బి మెత్తబడుతుంది, కొన్నాళ్లకి మళ్లీ ఇదే పరిస్థితి. సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి. పాత రింగు తీసుకెళ్లి అదే మందం, అదే వ్యాసం చూసి తీసుకోండి. నట్టు చేత్తో బిగించి, ఆపైన కొద్దిగా తిప్పితే చాలు. పానాతో ఇష్టం వచ్చినట్టు బిగిస్తే రింగు మెలి తిరుగుతుంది. పీవీసీ మరలున్న చోట టెఫ్లాన్ టేప్ వేయాలి గానీ, ఓ రింగ్ కూర్చునే యూనియన్ ముఖం మీద వేయకూడదు.

కావలి_క్లౌన్ | మంగళవారం రాత్రి 9:45

సూపర్ అక్కా. స్కిమ్మర్ మార్చి ఉంటే డబ్బులన్నీ దండగయ్యేవి.

ఒంగోలు_రీఫ్ | బుధవారం ఉదయం 7:40

చాలా సంతోషం. హేచరీ సార్‌ని ఒక్కటి అడగాలి. ఇన్నాళ్లు పంపు గాలి పీల్చింది కదా. హేచరీల్లో గ్యాస్ బబుల్ డిసీజ్ అంటారే, చేపల కళ్లలో, రెక్కల్లో బుడగలు వచ్చేది. ఇంటి ట్యాంకులో కూడా ఆ ప్రమాదం ఉంటుందా?

హేచరీ_టెక్నీషియన్ | బుధవారం మధ్యాహ్నం 1:30

అవసరమైన ప్రశ్న. కంటికి కనిపించే బుడగ చేపకి పెద్దగా హాని చేయదు. సముద్రపు స్పాంజి జాతి జీవుల్లో మాత్రం గాలి లోపల ఇరుక్కుంటే ఆ భాగం చచ్చిపోతుంది. అసలు ప్రమాదం నీళ్లలో కరిగిపోయిన అదనపు గాలితో. పంపు గాలి పీల్చి ఒత్తిడితో నీళ్లలోకి నొక్కితే మామూలు కంటే ఎక్కువ నైట్రోజన్ కరుగుతుంది. అలా కరిగిన గాలి చేప మొప్పల గుండా రక్తంలోకి వెళ్లాక బుడగలుగా విడిపోతుంది.

పది మీటర్ల నీటి ఎత్తు అంటే ఒక వాతావరణ పీడనం. ఇంట్లో సంపు నుంచి ట్యాంకు పైదాకా ఒకటిన్నర మీటరు అనుకుంటే మహా అయితే 15 శాతం అదనం. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ నీళ్లలో మొత్తం కరిగిన వాయువులు 110 శాతం దాటకూడదని ప్రమాణం పెట్టింది. అంటే ఇంటి ట్యాంకు ఆ గీతకి అటూ ఇటూగా ఉండగలదు. కానీ పైన వేవ్‌మేకర్ అలలు లేపుతుంటే, డ్రెయిన్ నీళ్లు తెరిచిన సంపులో పడుతుంటే, స్కిమ్మర్ నడుస్తుంటే అదనపు గాలి చాలావరకు బయటికి పోతుంది. హేచరీల్లో లోతైన పైపుల మీద ఈ సమస్య వస్తే నీళ్లని జల్లుగా పడేలా చేసి గాలి పోగొడతాం. కడలి గారి చేపల కళ్లు ఉబ్బలేదు, రెక్కల్లో బుడగలు లేవు అంటే గండం గడిచినట్టే. ఒకసారి టార్చ్‌తో దగ్గరగా చూడండి.

కడలి_నెల్లూరు | గురువారం రాత్రి 8:30

చూశాను సార్, కళ్లు, రెక్కలు బాగున్నాయి. క్లౌన్ చేపలు మామూలుగా మేత తింటున్నాయి. కొత్త ఓ రింగ్, సిలికాన్ గ్రీజు వేశాను. తోసే వైపు వాల్వ్ కొద్దిగా తిప్పి బకెట్ 24 సెకన్లకి నిండేలా పెట్టాను, అంటే గంటకు 1500 లీటర్లు. రిటర్న్ గదిలో ఫ్లోట్ వాల్వ్ పెట్టి ఆర్‌ఓ నీళ్ల క్యాన్‌కి కలిపాను, మట్టం ఐదంగుళాల కింద పడదు. ఈ రోజు ట్యాంకు వెనక గోడ మీద పడిన రాళ్ల నీడ కూడా స్పష్టంగా కనిపిస్తోంది. డ్రెయిన్ దగ్గర అప్పుడప్పుడు ఒకటీ అరా బుడగ తప్ప ఏమీ లేదు. అందరికీ ధన్యవాదాలు.

కందుకూరు_కొత్తవాడు | గురువారం రాత్రి 9:15

అభినందనలు మేడమ్. ఇదంతా చదివాక నా స్పాంజి తీసేసి అసలు కారణం వెతకాలని ఉంది. కావలి అన్న చెప్పిన రెండు డ్రెయిన్ల పద్ధతి కూడా చేద్దామనుకుంటున్నాను. హార్డ్‌వేర్ షాపులో గేట్ వాల్వ్ అడిగితే ఇత్తడిది ఇచ్చారు. చాలా గట్టిగా ఉంది. పెట్టొచ్చా అన్నా?

కావలి_క్లౌన్ | గురువారం రాత్రి 9:32

తమ్ముడూ, దాన్ని ట్యాంకు దరిదాపుల్లోకి రానివ్వొద్దు. ఇత్తడి అంటే రాగి, జింకు. ఉప్పునీళ్లు దాన్ని మెల్లగా తింటాయి, రాగి నీళ్లలో కలుస్తుంది. చేపల కంటే ముందు రొయ్యలు, నత్తలు చచ్చిపోతాయి. రాగి ఒకసారి రాళ్లలోకి చేరితే వదలదు. పీవీసీ వాల్వ్ మాత్రమే వాడు. పీవీసీ గేట్ వాల్వ్ దొరక్కపోతే మంచి బాల్ వాల్వ్ అయినా సరే, కాకపోతే వెంట్రుకవాసి తిప్పితేనే చాలా తేడా వస్తుంది, ఓపిగ్గా సర్దాలి. మామూలు హార్డ్‌వేర్ షాపు కంటే రొయ్యల చెరువులకి సామాను అమ్మే షాపుల్లో అడుగు. ఉప్పునీళ్ల పనికి ఏది ఆగుతుందో వాళ్లకి తెలుసు.

కందుకూరు_కొత్తవాడు | గురువారం రాత్రి 9:50

సరే అన్నా, రేపే తిరిగి ఇచ్చేస్తాను. బాఫిళ్లు కూడా కొత్తగా అతికించాలి. సందు ఎంత పెట్టమంటారు?

హేచరీ_టెక్నీషియన్ | గురువారం రాత్రి 10:20

సంపు పొడవు ఒప్పుకుంటే రెండంగుళాలు పెట్టు. అంగుళం సందు కంటే నీటి వేగం సగానికి తగ్గుతుంది. మొదటి అద్దం నీళ్లు పై నుంచి దూకేలా, రెండోది అడుగున సందు వదిలి, మూడోది మళ్లీ పై నుంచి. అడుగు సందు కూడా రెండంగుళాలకు తగ్గొద్దు. మూడో అద్దం దాటాక నీళ్లు ఎత్తు నుంచి పడితే అక్కడే కొత్త బుడగలు పుడతాయి, కాబట్టి రిటర్న్ గది మట్టం ఆ అద్దం అంచుకి దగ్గరగా ఉండేలా చూసుకో. స్కిమ్మర్ మొదటి గదిలోనే ఉండాలి, కంపెనీ చెప్పిన లోతులో, అవసరమైతే స్టాండ్ మీద. అతికించడానికి మందు కలపని అక్వేరియం సిలికాన్ వాడు. బూజు పట్టదని రాసి ఉండే బాత్రూమ్ సిలికాన్ వద్దు, అందులో కలిపే మందు చేపలకి విషం. పూర్తిగా గట్టిపడి వెనిగర్ వాసన పోయేదాకా నీళ్లు పోయకు. మొదటిసారి మంచినీళ్లతో నింపి చూసి, ఆ నీళ్లు తీసేశాక ఉప్పునీళ్లు పోసుకో.